అప్‌డేట్: రాత్రిపూట ఆగిపోయే స్కూల్ కెమెరాల సంగతి తేలింది

మొన్న అడిగా కదా, మా స్కూల్ వెనక వైపు కెమెరాలు నాలుగు పగలంతా బానే ఉండి చీకటి పడగానే ఆగిపోయి మళ్లీ వస్తున్నాయి, ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియో రికార్డ్ చేసే బాక్స్) మార్చాలా అని. అక్కర్లేదండీ, తప్పంతా కెమెరాలకి కరెంట్, వీడియో రెండూ మోసే కేబుల్‌ది. ఒకాయన చెప్పినట్టు వైరు కొస బ్లేడుతో గీకి చూశా, పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం! రాత్రి ఐఆర్ లైట్లు (చీకట్లో కనబడ్డానికి కెమెరాలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు) వెలగగానే కెమెరా కరెంట్ ఎక్కువ లాగుతుంది కదా, అప్పుడు రాగి అంత బాగా కరెంట్ మోయలేని ఈ వైర్లో వోల్టేజ్ పడిపోయి రీస్టార్ట్ అయిపోతోంది, అదీ కథ. ప్యూర్ కాపర్ క్యాట్6 (నెట్‌వర్క్ కేబుల్) లాగించాం, మూడు కెమెరాలు సెట్ అయ్యాయి. గ్రౌండ్ చివర ఉన్నదానికి మాత్రం దూరం ఈ కేబుల్ లిమిట్ 100 మీటర్లు దాటింది, మధ్యలో పీఓఈ ఎక్స్‌టెండర్ (కరెంట్, సిగ్నల్ రెండూ ఇంకా ముందుకి పంపే చిన్న బాక్స్) పెట్టాల్సొచ్చింది.

పనిలో పనిగా రికార్డింగ్ తీసి చూస్తే టైమ్ 17 నిమిషాలు వెనక ఉంది, రేపు ఏదైనా జరిగితే ఆ ఫుటేజ్ ఎందుకు పనికొస్తుంది చెప్పండి. ఎన్‌టీపీ (నెట్ నుంచి టైమ్ దానంతటదే సరిచేసుకునే సెట్టింగ్) ఆన్ చేశా. ఇంకోటి, మెట్ల దగ్గర కెమెరా రాత్రంతా ఊరికే మోషన్ అలర్ట్‌లు కొడుతోంది, నిచ్చెనెక్కి చూస్తే లెన్స్ ముందు సాలెగూడు, ఐఆర్ వెలుగుకి తెల్లగా మెరిసిపోతోంది. గుడ్డతో తుడిస్తే పోయింది (దీనికి కెమెరానే మార్చాలన్నాడు వెండర్!). హార్డ్‌డిస్క్ ఇంకా చూడలేదు, సెలవుల్లో చూడాలి.