ఇటుక కొన్నందుకు బట్టీ పాపం మాకు అంటుతుందా?

పర్చేజ్ పనివాడు
గచ్చిబౌలి వైపు ఆఫీసు భవనాలు కట్టే కంపెనీలో కొనుగోళ్ళు చూస్తాను. మా కొత్త భవనంలోకి కిరాయికి వస్తున్న లండన్ కంపెనీ 40 ప్రశ్నల ఫారం పంపింది. 2015లో బ్రిటన్ ఆధునిక బానిసత్వ చట్టం చేసింది. దాని ప్రకారం 3.6 కోట్ల పౌండ్లు, ఆపైన టర్నోవర్ ఉన్న కంపెనీలు తమ సరఫరాదారుల దగ్గర వెట్టి లేకుండా ఏం చేస్తున్నాయో ఏటా ప్రకటన ఇవ్వాలి. మాకు బయటి గోడలకు ఏఏసీ బ్లాకులే (ఫ్యాక్టరీలో చేసే తేలికపాటి సిమెంటు దిమ్మెలు), కాంపౌండుకూ టాయిలెట్లకూ మాత్రం ఎర్ర ఇటుక. అది ఏ బట్టీది, కూలీలు అడ్వాన్సు మీద వచ్చారా అని వాళ్ళ ప్రశ్న. నేను కొనేది డీలర్ దగ్గర. ఆయన నాలుగు బట్టీల సరుకు కలిపి లారీ పంపుతాడు, బిల్లు మీద ఆయన పేరే ఉంటుంది. చూడని బట్టీకి నేనెలా సంతకం పెట్టను?

అమీర్‌పేట్ వాసి
పెట్టకండి. రేపు మీ మెడకే చుట్టుకుంటుంది.

పలకా బలపం
చూడకపోతే వెళ్ళి చూడండి. రంగారెడ్డి జిల్లాలో ఒక బట్టీ దగ్గర రెండు సీజన్లు ఒడియా టీచరుకు తోడుగా పిల్లలకు చదువు చెప్పాను. కూలీలు ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కాంటాబాంజీ స్టేషన్‌లో రైలెక్కి వస్తారు. భార్య, భర్త, ఒక పిల్లవాడు కలిస్తే ఒక 'పథురియా'. అడ్వాన్సు మనిషికి కాదు, పథురియాకి ఇస్తారు. అంటే పిల్లవాడిని మొదటి రోజే లెక్కలో వేసుకున్నట్టే కదా? పచ్చి ఇటుక కాస్త ఎండాక దాన్ని తిరగేయాలి, పెద్దవాళ్ళు కాలు పెడితే విరుగుతుంది. అందుకని ఆ పని బరువు లేని పిల్లలది. మా బడికి ఆరేళ్ళ పాప ఒకతి తొమ్మిదింటికి వచ్చేది, అప్పటికే అరచేతుల్లో మట్టి ఎండి పగుళ్ళు తేలేవి. బలపం పట్టుకుంటే జారిపోయేది.

ముషీరాబాద్ మాస్టారు
వాళ్ళ కష్టం నాకూ బాధే. కానీ 'బానిసత్వం' అనే మాట మీద నా అభ్యంతరం. సంతలో కొనుక్కొచ్చిన మనుషులు కారు వీళ్ళు. డబ్బు తీసుకుని, టికెట్టు కొనుక్కుని, తమ కాళ్ళ మీద వచ్చారు. పేదరికాన్ని పేదరికం అనండి.

పలకా బలపం
మాస్టారూ, నిజాం రాజ్యంలో భగేలాలు కూడా తమ కాళ్ళ మీదే దొర గడప తొక్కారు. పెళ్ళికో చావుకో తెచ్చిన అప్పు, అది తీరేదాకా చాకిరీ. ఆ ఒప్పందాలను కట్టడి చేయడానికి 1936లో హైదరాబాద్ ప్రభుత్వమే చట్టం తేవాల్సి వచ్చింది. ఎలా వచ్చారని కాదు, వెళ్ళిపోగలరా లేదా అని అడగాలి.

కోర్టు మెట్లు
రెండు విషయాలు. ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల్లో పనిచేసిన కూలీల కేసులో (ఏషియాడ్ కేసు) 1982లో సుప్రీంకోర్టు చెప్పింది, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే. ఆకలి కూడా బలవంతమే అంది. మాస్టారి వాదనకు జవాబు అక్కడే ఉంది. ఇక పర్చేజ్ గారికి. మీ సైటులో కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే మీ కంపెనీయే కట్టాలన్న సూత్రం 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం నాటి నుంచే ఉంది. ఇటుక కొనుగోలుకు అలాంటి బాధ్యత ఆ సూత్రంలో లేదు. బ్రిటన్ చట్టం కూడా ప్రకటనే అడుగుతుంది, 'ఏ చర్యా తీసుకోలేదు' అని రాసినా అందులో చెల్లుతుంది.

పర్చేజ్ పనివాడు
అదే నేననేది. చట్టమే అడగనప్పుడు నన్నెందుకు బోనెక్కిస్తారు? ఇబ్బందయితే కాంపౌండుకు కూడా బ్లాకులే పెట్టేస్తాను, ఎర్ర ఇటుకే మానేస్తాను.

బట్టీ బిడ్డ
మానెయ్యి అన్నా. నువ్వు మానేస్తే వాళ్ళకు ఊర్ల పనుంటదా? మా నాయిన 30 ఏండ్ల సంది బట్టీ నడుపుతుండు. పోయినేడు 11 కుటుంబాలు రాత్రికి రాత్రి లేచిపోయినయి. వాళ్ళను తోలుకొచ్చిన సర్దారు ఫోన్ బంద్. అడ్వాన్సు పైసలు ఎవలిచ్చిండ్రు? అమ్మ గొలుసు కుదువపెట్టి కట్టినం. అడ్వాన్సు మేం పెట్టిన రివాజు గాదు, నువాఖాయ్ పండుగకు వాళ్ళే అడుగుతరు. ఇయ్యకుంటే ఒక్కరు రైలెక్కరు. ఇచ్చినోడు దొంగ, ఎగ్గొట్టినోడు బానిసనా?

పలకా బలపం
తమ్ముడూ, అమ్మ గొలుసు పోవడం అన్యాయమే. కానీ రాత్రికి రాత్రి ఎందుకు పోయారు? పగలు పోనిచ్చేవాళ్ళా? నేను చూసిన బట్టీలో జ్వరమొచ్చిన బాలింతను ఆస్పత్రికి పంపితే, మొగుణ్ణి ఇక్కడే ఉంచుకున్నారు, పారిపోతారని. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం వెట్టి అప్పు రద్దయినట్టే, ఆ బాకీ కింద డబ్బు తీసుకోవడమే నేరం.

బట్టీ బిడ్డ
రెండు సీజన్లు పలక పట్టుకోని అన్నీ తెలిసినట్టు మాట్లాడకు అక్కా. మా బట్టీకి గేటే లేదు.

సైనిక్‌పురి
వ్యక్తిగతంగా వద్దు, దయచేసి.

బట్టీ బిడ్డ
వ్యక్తిగతమే గద! నా బట్టీ మీదనే మాట్లాడుతుండ్రు. సరే, అసలు సంగతి చెప్త. ఆగస్టుల అడ్వాన్సు ఇయ్యాలె. బట్టీ పేర్చి కాల్చేసరికి సంక్రాంతి. ఇటుక డీలర్‌కు పోతది, డీలర్ కంపెనీకి ఏస్తడు, కంపెనీ 90 దినాలకు పైసలిస్తది. చిన్న యూనిట్లకు 45 దినాల్ల కట్టాలని 2006 చట్టం చెప్తది, అడిగితే డీలర్ వేరే బట్టీకి పోతడు. ఈ ఎనిమిది నెలలు నడిపేది నూటికి మూడు రూపాయల మిత్తి తెచ్చి. మిత్తి పైసలు ఎక్కడికెల్లి రావాలె? పర్చేజ్ అన్న, పోయినేడు వెయ్యి ఇటుకకు ఎంత తగ్గించినవో నువ్వే చెప్పు.

పర్చేజ్ పనివాడు
వెయ్యికి 400 తగ్గించాను. అబద్ధం చెప్పను, దానికి నాకు మెచ్చుకోలు కూడా వచ్చింది. 90 రోజులు మా అకౌంట్స్ వాళ్ళ రూలు, నా చేతిలో లేదు. కానీ ఆ ఫారంలో ఈ రెండూ అడగలేదు. బాలకార్మికులున్నారా, తాళాలేస్తారా అని అడిగారు కానీ, మీరు ఎన్నాళ్ళకు డబ్బిస్తారు అన్న ప్రశ్న 40లో ఒక్కటీ లేదు.

కోర్టు మెట్లు
ఆ ఒక్కటి మీరు రాసి పంపండి. మిగతా అన్నిటికన్నా అదే విలువైనది.

పలకా బలపం
ఇక్కడే నేను మీ ఇద్దరితో విడిపోతాను. డబ్బు ఆలస్యమైతే కూలి ఆలస్యమవ్వాలి. లెక్క ఎందుకు మాయమవుతుంది? వారానికింత ఖర్చు డబ్బు, నూకలు. అసలు లెక్క జూన్‌లో, రైలెక్కే ముందు. ఎన్ని వేల ఇటుకలు కోశారో యజమాని పుస్తకంలో ఉంటుంది, కూలి దగ్గర ఏమీ ఉండదు. వాన పడి కరిగిపోయినవి కూడా వాళ్ళ ఖాతాలోంచే కోత. మా బడికొచ్చిన ఆ పాప తల్లి తన ఇటుకలు గుడిసె గోడ మీద బొగ్గుతో గీతలు గీసి లెక్కపెట్టుకుంది. జూన్‌లో ఆ గుడిసెను కూలగొట్టారు. దీనికి 90 రోజులు కారణమా చెప్పండి?

ముషీరాబాద్ మాస్టారు
బొగ్గు గీతల సంగతి చదివాక మాట గురించి ఇక పట్టుబట్టను. కానీ పారిపోయినవాళ్ళ అడ్వాన్సు ఎవరు భరించాలన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.

పర్చేజ్ పనివాడు
మా పెద్దాయనతో మాట్లాడాను. డీలర్ లేకుండా ఒక బట్టీ నుంచి నేరుగా కొని 30 రోజుల్లో కట్టడానికి, ఒక్క ఆర్డరు వరకు, ఒప్పుకున్నారు. బట్టీ పేరు బిల్లు మీద ఉండాలి, కూలీల ఖాతా నేను చూడాలి. తమ్ముడూ, మీ నాన్నగారు చూపిస్తారా?

బట్టీ బిడ్డ
400 తిరిగి కలుపుతవా?

పర్చేజ్ పనివాడు
250 వరకు కలపగలను.

పలకా బలపం
ఖాతా మీరు చూస్తే చాలదు. దాని రెండో ప్రతి కూలి చేతిలో, ఒడియాలో, వారం వారం ఉండాలి. రాయడానికి ఆదివారాలు నేను వస్తాను.

బట్టీ బిడ్డ
250కి మిత్తి కూడ ఎల్లది. నాయిన వరంగల్ పోయిండు, వచ్చినంక అడుగుత. రెండో పుస్తకం సంగతి కూడ అడుగుత.