డీప్ క్లీనింగ్ తర్వాత కూడా ఒక దవడ పన్ను దగ్గర చిగురు జబ్బు తగ్గడం లేదు

మా అమ్మగారికి 58 ఏళ్లు, మధుమేహం ఉంది, ఇటీవలి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర పరీక్ష) 7.2. చిగుళ్ల వ్యాధి ముదిరిందని చెప్పి, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిగురు కింద వేర్ల మీద పేరుకున్న గారను రెండు విడతల్లో తీశారు. మూడు నెలల తర్వాత మళ్లీ కొలిచినప్పుడు చాలా చోట్ల చిగురుకూ పంటికీ మధ్య లోతు 3 మిల్లీమీటర్లకు దిగింది గానీ, కింది కుడి దవడ పన్ను వెనుక మాత్రం 6 దగ్గరే నిలిచిపోయింది. అక్కడ వేలితో నొక్కితే ఇప్పటికీ పసుపు రంగు చీము చుక్క బయటికి వస్తోంది. పన్ను కదలడం లేదు, నొప్పి కూడా పెద్దగా లేదు, అందుకే ఆమె దీన్ని తేలిగ్గా తీసుకుంటారేమోనని నాకు బెంగ.

మెత్తని బ్రష్‌తో పాటు పళ్ల సందుల్లో దూర్చే చిన్న బ్రష్ రోజూ రాత్రి వాడుతున్నారు. 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌ మౌత్‌వాష్‌తో రెండు వారాలు పుక్కిలించారు, పళ్లకు గోధుమ రంగు మరకలు పడ్డాయే తప్ప ఆ చోట మార్పు రాలేదు. చిగురు తెరిచి శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీయే మార్గమని ఒక వైద్యురాలు అంటే, ఆ ఒక్క చోట మళ్లీ డీప్ క్లీనింగ్ చేసి యాంటీబయాటిక్ జెల్ పెడితే చాలని మరొకరు అంటున్నారు.

మధుమేహం ఉండి, ఇలా ఒకే పన్ను దగ్గర 6 మిల్లీమీటర్ల లోతు మిగిలిపోయినవారిలో ఎవరికైనా రెండోసారి డీప్ క్లీనింగ్‌తోనే అది తగ్గిందా, లేక చివరికి ఫ్లాప్ సర్జరీ చేయించుకోవలసి వచ్చిందా?