వాలు చేలో ఎర్రమట్టి కొట్టుకుపోతోంది, గట్లు నిలవట్లేదు

ప్రశ్న: ఆనందపురం వైపు రెండెకరాల మెట్ట, ఎర్ర నేల, వాలు 5 శాతం. జీడిమామిడి మధ్య చోడి (రాగి) వేస్తాం. గట్లు ఏటా తెగుతున్నాయి. ఎందుకండీ?

జవాబు 1: కంటి అంచనాతో వేసుంటారు. ఒకచోట జానెడు పల్లమున్నా నీళ్లన్నీ అక్కడికే చేరి తెంపేస్తాయి. రెండు మీటర్ల కర్రలు రెండు పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించి, కొసనుంచి రాయి కట్టిన తాడు వేలాడదీయండి. తాడు అడ్డకర్ర మధ్య గుర్తుపై ఆగిన ప్రతిచోటా కర్రల కాళ్ల దగ్గర నేలలో మేకు కొడుతూ పోతే సమమట్టం గీత దొరుకుతుంది, గట్టు ఆ గీత వెంటే వేయాలి. ఆ గుర్తుని కర్రల కాళ్లు తారుమారు చేసి రెండుసార్లు చూసి పెట్టాలి, లేకుంటే గీతంతా తప్పే. మీ వాలుకి గట్టుకీ గట్టుకీ దాదాపు 22 మీటర్లు.

జవాబు 2: అలుగు సంగతి మరిచారు. తుపాను వానకి మిగులు నీరు పోయేలా రాళ్లు పేర్చిన అలుగు లేకపోతే ఎంత కొలిచినా వృథా.

జవాబు 3: గట్టు వెంట తొలకరిలో వట్టివేరు పెట్టండి. 10–15 సెంటీమీటర్లకో కుదురు, కుదురుకి రెండు మూడు పిలకలు. చచ్చినవి వెంటనే నింపాలి. గండి ఆ సందులోనే మొదలవుతుంది.

ప్రశ్న అడిగినవారు: మేకలు తినేయవా?

జవాబు 3: లేత ఆకు కొరుకుతాయి, ముదిరితే అంతగా ముట్టవు. మొదటి ఏడాది ముళ్లకంప వేయండి.