అప్‌డేట్: యూపీఎస్ బ్యాటరీ మార్చాను, పనిచేస్తోంది

విజయవాడలో మా ఇంట్లో కరెంటు పోగానే యూపీఎస్ (కరెంటు లేనప్పుడు కంప్యూటర్‌ను బ్యాటరీతో కాసేపు నడిపే పెట్టె) ఒక్క కూత పెట్టి ఆగిపోతోందని, లోపం బ్యాటరీదా, యూపీఎస్‌దా అని అడిగాను. బ్యాటరీదే. మీలో ఒకరు చెప్పినట్టు ప్లగ్ తీసి, మూత విప్పి మల్టీమీటర్ పెట్టాను. విడిగా 12.4 వోల్టులు చూపించింది. బైకు హెడ్‌లైట్ బల్బు తగిలించగానే 9కి పడిపోయింది, అంటే బ్యాటరీ ఆ లోడు (భారం) మోయలేకపోతోంది. లోడు పెట్టి చూడమన్నవారికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

పాత బ్యాటరీ పక్కలు ఉబ్బి అరలో బిగుసుకుపోయింది. స్క్రూడ్రైవర్‌తో పెకలించకుండా, యూపీఎస్‌ను వాల్చి మెల్లగా జార్చాను. గవర్నర్‌పేటలో 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ సామర్థ్యం ఉన్న బ్యాటరీయే కొన్నాను. కొనేవాళ్లు టెర్మినల్ (వైరు తగిలించే రేకు) వెడల్పు తప్పక చూడండి: 4.75 మిల్లీమీటర్లవీ ఉంటాయి, 6.35వీ ఉంటాయి. తయారీ తేదీ కూడా చూడాలి. దుకాణంలో నెలల తరబడి పడి ఉన్నది వాడకముందే నీరసిస్తుంది.

రాత్రంతా ఛార్జి చేసి గోడ స్విచ్చి ఆపితే, ఫైళ్లు భద్రపరచి కంప్యూటర్ ఆపేంత వ్యవధి హాయిగా దొరికింది. యూపీఎస్‌ను ఎండ పడే కిటికీ దగ్గర నుంచి జరిపాను. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ రకం బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుంది, మన ఊరి మే నెల సంగతి చెప్పనక్కరలేదు. పాతదాన్ని దుకాణంలోనే ఇచ్చేశాను. అందులో సీసం ఉంటుంది, దయచేసి చెత్తలో వేయకండి.