బెదిరే గుర్రానికి మత్తిచ్చి ట్రైలర్ ఎక్కించడం తప్పా?

డెక్కలచప్పుడు (డాలస్ దగ్గర):
మావాడు 17 హ్యాండ్ల వార్మ్‌బ్లడ్ రకం గుర్రం. హ్యాండ్ అంటే 4 అంగుళాలు, కాబట్టి మెడ మొదట్లోనే 5 అడుగుల 8 అంగుళాల ఎత్తు. పొలంలో ఉన్నంతసేపూ గొర్రెపిల్లే. ట్రైలర్ తలుపు తీస్తే మాత్రం కళ్లు తెల్లగా చేసుకుని వెనక్కి పోతాడు. పోయిన నెల గంటన్నర తంటాలు పడి ఎక్కించాం. దారిలో ప్రతి మలుపుకీ గోడని దబదబ తన్నాడు. దిగేసరికి చెమటతో తడిసి ముద్దయ్యాడు. రెండు వారాల్లో, ముందుకాలు కుంటుతోందని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, రెండు గంటల దారి. శాలలో అందరూ ఏస్‌ప్రోమజిన్ అనే మత్తుమందు ఇచ్చేయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

సైసుకొడుకు (హైదరాబాద్):
ఇవ్వొద్దన్నా. మా నాన్న మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రాల్ని చూసుకునే సైసు. బెంగళూరు, పుణె పందేలకి రాత్రంతా లారీలో గుర్రం పక్కనే నిలబడి వెళ్లేవాడు. తెలిసిన మనిషి ముందు నడిస్తే అదే ఎక్కుతుంది. మొండికేస్తే ఇద్దరు వెనక చేతులు కలిపి తోసేవాళ్లు, అంతే.

పశువుల డాక్టరు (గుంటూరు):
చిన్నప్పటి నుంచి లారీలకి అలవాటు పడ్డ రేసు గుర్రంతో దీన్ని పోల్చకండి. ఆరేడు వందల కిలోల జంతువుని తోయడం అది ఒప్పుకున్నంతసేపే. వెనక నిలబడ్డ మనిషి దానికి కనబడడు కూడా, తన్నిందంటే అంతే సంగతులు.
మత్తు పాపమేమీ కాదు. అర్ధరాత్రి కడుపునొప్పితో దొర్లే గుర్రాన్ని ఆసుపత్రికి చేర్చాలంటే ఇవ్వాల్సి రావచ్చు. కానీ ఏస్‌ప్రోమజిన్ ముందే, గుర్రం నెమ్మదిగా ఉన్నప్పుడు ఇవ్వాలి. బెదిరిపోయాక ఇస్తే పెద్దగా పని చేయదు. పైగా రక్తపోటు తగ్గుతుంది, కాళ్లు తూలుతాయి. కదిలే బండిలో నిలదొక్కుకోవాల్సింది ఆ కాళ్ల మీదే కదా. ఇంకోటి, మీరు వెళ్లేది కుంటు చూపించడానికి. మందు మీద తూలే గుర్రంలో సన్నటి కుంటు ఏం పట్టుకుంటారు?

నెమ్మదిబండి (న్యూజెర్సీ):
అందరూ ఎక్కడం గురించే మాట్లాడుతున్నారు. మలుపుల్లో తన్నాడని రాశారు కదా, నాకు అదే అసలు సంగతనిపిస్తోంది. మీ ట్రైలర్‌లో రెండు గదుల మధ్య అడ్డగోడ నేల దాకా ఉందా? పెద్ద గుర్రం బండి ఒరిగినప్పుడు కాళ్లు ఎడంగా పెట్టి ఆపుకోవాలి. ఆ గోడ ఉంటే చోటేదీ? కాలు జారుతుంది, కంగారుపడి గోడెక్కబోతుంది. ఆ ప్రయాణం గుర్తుండి మళ్లీ ఎక్కనంటుంది. మాది 16.3 హ్యాండ్ల ఆడగుర్రం, ఏడాదిపాటు దాన్ని మొండిదని తిట్టుకున్నాం. నేల దాకా ఉన్న గోడ తీసేసి పైసగం మాత్రమే ఉండే అడ్డం పెట్టాక తన్నడం ఆగింది. మొండిది అది కాదు, మేమే.

పశువుల డాక్టరు:
ఇది ఒప్పుకుంటాను. తల మరీ పైకి, బిగించి కట్టొద్దు. తల దించలేకపోతే ఊపిరితిత్తుల్లో చేరిన చెత్త బయటికి రాదు, దూరప్రయాణంలో జ్వరాలు వచ్చేది అందుకే. ఎక్కించాక మొదట వెనకవైపు అడ్డుకమ్మీ వేయండి, తర్వాతే తల కట్టండి. దించేటప్పుడు ముందు తల విప్పాలి. తల కట్టి ఉండగా వెనక్కి లాక్కునే గుర్రాన్ని ఒక్కసారి చూస్తే ఈ వరస జన్మలో మర్చిపోరు.

సైసుకొడుకు:
మరి మనిషి పక్కన ఉంటే ఇవేవీ అక్కర్లేదు కదా సార్?

డెక్కలచప్పుడు:
తమ్ముడూ, అంత ఇరుకు గదిలో నేను వాడి పక్కన ఉంటే నా ఎముకలు ఏరుకోవాలి.

డెక్కలచప్పుడు (తొమ్మిది రోజుల తర్వాత):
గోడ తీసేశాం. కిటికీలన్నీ తెరిచి లోపల వెలుతురు పెట్టాను. రోజూ దాణా అందులోనే. మొదటి మూడు రోజులు ముందుకాళ్లు పెట్టి తిని దిగిపోయాడు, ఆపలేదు. నిన్న పూర్తిగా ఎక్కాడు, పది నిమిషాలు తిప్పాను. ఒక్కటే తన్ను. మందు మాత్రం డబ్బాలో ఉంది, పారేయలేదు.

నెమ్మదిబండి:
ఆ ఒక్క తన్ను ఎక్కడ? బ్రేక్ వేశారా?

డెక్కలచప్పుడు:
వేశాను. కుక్క అడ్డం వచ్చింది.