టెస్టులన్నీ జీరోనే చూపిస్తున్నాయి, మా ఇంటి సముద్రపు నీళ్ల ట్యాంకులో కోరల్స్ (పగడాలు) మాత్రం ముడుచుకుంటున్నాయి. ఎవరైనా చెప్పండి

నెల్లూరు ట్యాంక్: పొద్దున్నుంచి ఇదే పని, తల వాచిపోతోంది. జోవాలు, అదే పువ్వుల్లా విచ్చుకునే చిన్న కోరల్స్, తెరుచుకోవడం లేదు. లెదర్ కోరల్ (మెత్తటి రకం) ఒక పక్కకి వాలిపోయింది. ఇసుక మీద, రాళ్ల మీద గోధుమరంగు జిగురు. లాగితే తీగలు తీగలుగా వస్తోంది, కొసల్లో గాలి బుడగలు. సిఫన్ పెట్టి మొత్తం లాగేశాను, మధ్యాహ్నం లైట్ వేసేసరికి మళ్లీ అంతే. నీళ్లలో తేడా ఏమీ లేదు. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, ఫాస్ఫేట్ నాలుగూ జీరో. పీహెచ్ 8.2, ఆల్కలినిటీ 145. ఇంత శుభ్రంగా ఉంటే ఇంకేం కావాలి వీటికి? లైట్ మార్చాలా?

ఒంగోలు రీఫ్: సాలినిటీ (ఉప్పదనం)? టెంపరేచర్? ఆవిరైన నీటికి బదులు ఏం పోస్తున్నారు?

నెల్లూరు ట్యాంక్: 35 పీపీటీ, రిఫ్రాక్టోమీటర్‌తో చూశాను. ఈ ఎండలకి 29 దగ్గర ఉంటోంది, ఫ్యాన్ పెట్టాను. పోసేది ఆర్‌ఓ నీళ్లే.

కావలి నుంచి: ఆల్కలినిటీ 145 ఏంటండీ, గుండె ఆగింది. మన ట్యాంకుల వాళ్లు వాడే డీకేహెచ్ లెక్కలో చెప్పాలి.

అల్లూరు ఆక్వా: మా ల్యాబుల్లో పీపీఎంలోనే రాస్తారు. రొయ్యల గుంటలకైతే 145 బాగానే ఉన్నట్టు.

కావలి నుంచి: ఇది గుంట కాదు కదా అన్నా. 17.9తో భాగించాలి, 8.1 వస్తుంది. సరే, బాగానే ఉంది. మరి నైట్రేట్ ఏ లెక్క? నైట్రేట్-ఎన్ (అందులోని నత్రజని మాత్రమే) అయితే 4.4తో గుణించాలి.

నెల్లూరు ట్యాంక్: జీరోని దేంతో గుణిస్తే ఏం వస్తుంది సార్?

పగడాల రక్షణ: అసలు ఈ కోరల్స్ ఎక్కడివో ముందు చెప్పండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972, మొదటి షెడ్యూల్లో గట్టి పగడాలన్నీ ఉన్నాయి. నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కూడా. మన సముద్రం నుంచి తీయకూడదు, అమ్మకూడదు, కొనకూడదు. తెలియదంటే కుదరదు.

నెల్లూరు ట్యాంక్: నా దగ్గర ఉన్నవి జోవాలు, మష్రూమ్‌లు, లెదర్. మీరు చెప్పిన వాటిలో ఒక్కటీ లేదు.

పగడాల రక్షణ: మరి లైవ్ రాక్ (ట్యాంకులో వేసే సముద్రపు రాయి)? అది పగడపు ముక్క అయితే అదీ చట్టం కిందికే వస్తుంది.

అల్లూరు ఆక్వా: తమ్ముడూ, సింపుల్. మైపాడు నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చి సగం మార్చెయ్. కాస్త జియోలైట్ వెయ్. ప్రోబయోటిక్ కూడా మొదలుపెట్టు.

నెల్లూరు ట్యాంక్: ప్రోబయోటిక్ వేస్తూనే ఉన్నాను అన్నా. మా బాబాయి గుంటలకి తెచ్చిందే. బెల్లంలో పులియబెట్టి రోజూ అర గ్లాసు. ఫాస్ఫేట్ రిమూవర్ కూడా నడుస్తోంది.

ఒంగోలు రీఫ్: ఇది ఇప్పుడా చెప్పేది?

నెల్లూరు ట్యాంక్: మా వైపు అందరూ వేసేదే గదా, దాన్ని కూడా రాయాలా?

అల్లూరు ఆక్వా: బెల్లంలో తప్పేముంది? ఏళ్ల తరబడి వాడుతున్నాం.

కావలి నుంచి: తప్పు బెల్లానిది కాదన్నా, వేసిన చోటుది. గుంటలో రోజూ బస్తాల లెక్కన మేత పడుతుంది, అమ్మోనియా పుడుతూనే ఉంటుంది. బెల్లం కార్బన్ ఇస్తే బ్యాక్టీరియా పెరిగి ఆ నత్రజనిని లాగేస్తుంది. ఈయన ట్యాంకులో ఎన్ని చేపలున్నాయి?

నెల్లూరు ట్యాంక్: రెండు క్లౌన్ చేపలు. 180 లీటర్లు.

కావలి నుంచి: అదే మరి. రెండు చేపల నుంచి వచ్చే వ్యర్థమెంత, బ్యాక్టీరియా తినేదెంత? మిగిలిన కాస్తా రిమూవర్ పీల్చేస్తోంది. కోరల్ ఒంట్లో ఉండి దానికి ఆహారం ఇచ్చే జూజాంథెల్లే అనే ఆల్గేకి నైట్రేట్, ఫాస్ఫేట్ కొంచెమైనా ఉండాలి. ఆ రెండూ అడుగంటితే మామూలు ఆల్గే వెనకబడుతుంది, ఆ ఖాళీలో డైనోఫ్లాజెల్లేట్లు (డైనోలు) అనే కంటికి కనిపించని జీవులు దిగుతాయి. మీ జిగురు చాలావరకు అదే. రాత్రికి తగ్గి పగలు మళ్లీ వస్తోందా చూడండి. కొంచెం ట్యాంకు నీళ్లతో సీసాలోకి తీసి గట్టిగా ఊపండి, కాఫీ ఫిల్టర్లో వడకట్టి, దిగిన నీళ్లని లైట్ కింద గంటసేపు ఉంచండి. మళ్లీ తీగలు కడితే డైనోలే.

ముందు బెల్లం ఆపండి, రిమూవర్ తీసేయండి. నీళ్లు మార్చొద్దు, ఉన్న కాస్త కూడా పోతుంది. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్యకి మెల్లగా తీసుకురండి. చేపలకి మేత పెంచినా కొంత వస్తుంది. పొటాషియం నైట్రేట్ 100 లీటర్లకి 163 మిల్లీగ్రాములు వేస్తే నైట్రేట్ 1 పీపీఎం పెరుగుతుంది. మీకు రోజుకి 0.3 గ్రాము లోపే. ల్యాబ్ గ్రేడ్ తీసుకోండి, పొలానికి చల్లే 13-0-45 వద్దు.

ఒంగోలు రీఫ్: ఆర్‌ఓ నీళ్ల టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల లెక్క) ఎంత?

నెల్లూరు ట్యాంక్: 90. తాగడానికి బాగుంటుంది.

ఒంగోలు రీఫ్: తాగండి. ట్యాంకులో పోయకండి. రుచి కోసం అందులో పచ్చి నీళ్లు కలుపుతారు. ఫ్యాన్ పెట్టారు, రోజూ లీటర్లకి లీటర్లు పోస్తుంటారు. అందులో వచ్చేవన్నీ ట్యాంకులోనే పేరుకుంటాయి. మిగిలిన లవణాలు తీసేసే డీఐ కార్ట్రిడ్జ్ పెట్టి టీడీఎస్ 0కి తెచ్చుకోండి.

అల్లూరు ఆక్వా: మొన్నటిదాకా నైట్రేట్ తగ్గించడం ఎలా అని అడిగారు, ఇప్పుడు పెంచమంటున్నారు. మీ హాబీ మాకు అర్థం కాదు.

కావలి నుంచి: 50 ఉంటే తగ్గించమంటాం అన్నా, జీరో ఉంటే పెంచమంటాం.

నెల్లూరు ట్యాంక్: వడకట్టి చూశాను, మళ్లీ తీగలు కట్టింది. బెల్లం ఆపేశాను. లెదర్ ఇంకా వాలే ఉంది. పొటాషియం నైట్రేట్ ట్రంక్ రోడ్డులో అడిగితే దేనికని వంద ప్రశ్నలు వేశారు, రేపు ఇంకోచోట చూడాలి. థ్యాంక్స్ అన్నా.

అల్లూరు ఆక్వా: ప్రోబయోటిక్ మిగిలితే పారబోయకు, బాబాయికి తిరిగిచ్చెయ్. రేటు తెలుసా దాని?

పగడాల రక్షణ: లైవ్ రాక్ సంగతి ఇంకా చెప్పలేదు మీరు. బిల్లు ఉందా?