బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోమంటారా? (132 కేజీలు, షుగర్, గురక)

కేఆర్‌పురం_కిట్టు:
అందరికీ నమస్కారం. వయసు 41, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 132. బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 45 దాటింది. ఐదేళ్ళుగా షుగర్, హెచ్‌బీఏ1సీ 8.9 (మూడు నెలల సగటు షుగర్ లెక్క). నిద్రలో ఊపిరి ఆగుతోందని రెండేళ్ళుగా ముక్కుకి సీపాప్ మెషీన్ తగిలించుకుని పడుకుంటున్నాను. రోజూ పొద్దున్నే గ్యాస్ మాత్ర పడందే కాఫీ దిగదు. కీటో డైట్ చేశాను, జిమ్‌కి డబ్బు కట్టాను, 14 కేజీలు తగ్గి 17 పెరిగాను. డాక్టరు స్లీవ్ (పొట్టని కోసి చిన్నది చేసే ఆపరేషన్) చేయించుకోమన్నారు. మా ఆవిడ సరే అంటోంది. అనంతపురంలో అమ్మ మాత్రం "నీ కడుపు కోయించుకుని నాకు కడుపుకోత పెడతావా" అని ఫోన్ పెట్టేసింది. చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

సంగటి_స్వామి:
వద్దు బ్రదర్. నేను 108 నుంచి 79కి వచ్చాను, మూడేళ్ళు పట్టింది. పొద్దున ఐదున్నరకి బెంగళూరులో అగర చెరువు చుట్టూ నడక, మధ్యాహ్నం రాగి సంగటి, ఆకుకూర పప్పు, రాత్రి అన్నం బంద్. ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఇది చేతకానివాళ్ళే లక్షలు పోసి కోయించుకుంటారు.

మందుల_షాపు_మాధవి:
గ్యాస్ మాత్ర రోజూ వేసుకుంటున్నారు కాబట్టి ముందు ఎండోస్కోపీ (నోట్లోంచి గొట్టం వేసి పొట్ట లోపల చూసే పరీక్ష) చేయించుకోండి. స్లీవ్ తర్వాత కొందరికి పులితేన్పులు, గుండెల్లో మంట ఇంకా పెరుగుతాయి. అలాంటివాళ్ళకి బైపాస్ (గుండెది కాదు, పొట్టని చిన్నది చేసి పేగుకి కలిపే ఆపరేషన్) మేలంటారు. డాక్టరుని అడగండి.

నెల్లూరోడు:
హీరోయిన్ ఆర్తి అగర్వాల్ ఏమైందో అప్పుడే మర్చిపోయారా?

స్లీవ్_2019:
ఆమె 2015లో చనిపోయేముందు చేయించుకున్నది లైపోసక్షన్. చర్మం కింద కొవ్వు లాగేస్తారు, అంతే. దానితో షుగర్ తగ్గదు. కిట్టు గారు అడుగుతున్నది వేరే. స్లీవ్‌లో పొట్టలో ముప్పావు భాగానికి పైగా తీసేస్తారు. ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ భాగంలోనే, అందుకే ఆకలి కూడా తగ్గుతుంది. రెండూ ఒకటి కాదండీ.

నెల్లూరోడు:
ఏదైనా కోతే కదా. 2024 ఏప్రిల్‌లో చెన్నైలో పుదుచ్చేరి కుర్రాడు, 26 ఏళ్ళు, బరువు తగ్గే ఆపరేషన్‌కని వెళ్ళి చనిపోయాడు. అది లైపో కాదు మేడమ్.

స్లీవ్_2019:
కాదు, నిజమే. అందుకే ఐసీయూ ఉందా, మత్తు డాక్టరు ఎవరు, ఆ సర్జన్ ఇలాంటివి ఎన్ని చేశారు అని అడిగి మరీ వెళ్ళాలి.

పాలసీ_పంతులు:
డబ్బు సంగతి చూసుకోండి. ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం బీఎంఐ 40 లేదా ఆపైన ఉండాలి, లేదా 35 లేదా ఆపైన ఉండి తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులో లేని షుగర్, గుండె జబ్బు లాంటివి ఉండి, మామూలు పద్ధతుల్లో తగ్గకపోయి ఉండాలి. మీకు 45 కాబట్టి మొదటి లెక్కలోనే వస్తారు. కానీ వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆగాల్సిన కాలం) అయిందో లేదో చూడండి. ఆఫీసు పాలసీ అయితే హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. నోటిమాట నమ్మి మా బావమరిది మునిగాడు.

సంగటి_స్వామి:
ఎవరూ నా ప్రశ్నకి జవాబు చెప్పడం లేదు. కిట్టు, ఆరు నెలలు వరసగా సంగటి తిన్నావా లేదా? అవును, కాదు.

కేఆర్‌పురం_కిట్టు:
తిన్నాను అన్నా. మాది అనంతపురం, పుట్టినప్పటినుంచీ తింటున్నాను.

సంగటి_స్వామి:
పక్కన ఏం తిన్నావో చెప్పు మరి.

మారతహళ్ళి_మౌనీ:
నాటుకోడి పులుసు 😄

ఐటీ_కూలీ:
ఇంజెక్షన్ వాడొచ్చు కదా? మౌంజారో 2025 మార్చి నుంచి మన దగ్గర దొరుకుతోంది. కోత లేదు.

స్లీవ్_2019:
వాడొచ్చు. ఆపితే చాలామందికి బరువు తిరిగొస్తుంది, ఏళ్ళ తరబడి కొనే స్తోమత ఉండాలి. అది కూడా డాక్టరు చూసి చెప్పాల్సిందే.

సంగటి_స్వామి:
ఇంజెక్షన్, కత్తి, అన్నీ షార్ట్‌కట్లే. నోరు కట్టుకోవడం ఒక్కటే ఎవరికీ కుదరదు.

స్లీవ్_2019:
షార్ట్‌కట్టా? ఆపరేషన్‌కి రెండు వారాల ముందు నుంచే లిక్విడ్ డైట్. తర్వాత రెండు వారాలు చిన్న గ్లాసుతో గుక్క గుక్కగా మజ్జిగ, పెసరకట్టు. నీళ్ళు అన్నంతో కలిపి తాగకూడదు, అరగంట ఆగాలి. ఒక్క ముద్ద ఎక్కువైతే గుండె దగ్గర రాయి పడ్డట్టు ఉంటుంది, వాంతి అయితేగానీ పోదు. నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టే. బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం. పెళ్ళిళ్ళకి వెళ్తే మూడు ముద్దలకి కడుపు నిండుతుంది, వడ్డించేవాళ్ళు "ఏమ్మా, మా వంట బాలేదా" అంటారు. ఆరేళ్ళుగా ఆ జవాబు వెతుక్కుంటున్నాను. 118 నుంచి 74కి వచ్చి ఇప్పుడు 81. అదీ దాచను. మీ చెరువు కంటే సులువని ఎవరు చెప్పారు?

సంగటి_స్వామి:
దాచను అంటున్నారు. మీ అత్తగారికి చెప్పారా?

స్లీవ్_2019:
అది మీకెందుకు?

సంగటి_స్వామి:
చెప్పలేదన్నమాట. తప్పు కాకపోతే దాచడమెందుకు?

మారతహళ్ళి_మౌనీ:
స్వామి గారూ, హద్దులో ఉండండి.

స్లీవ్_2019:
పర్లేదు, చెబుతాను. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు, తీయించుకున్నానని చెప్పాం. తీరా బరువు వేగంగా తగ్గేసరికి ఏడాదిన్నరకి నిజంగానే రాళ్ళు వచ్చాయి. రెండోసారి ఏ పేరు చెప్పాలో తెలియక నేనూ మా ఆయనా హాస్పిటల్ క్యాంటీన్‌లో కూర్చుని నవ్వుకున్నాం, తర్వాత నేను ఏడ్చాను. ఎందుకు దాచానంటే మీలాంటివాళ్ళు ఇంట్లోనూ ఉంటారు కాబట్టి. లావుగా ఉన్నప్పుడు నోరు కట్టుకోలేదన్నారు, ఆపరేషన్ అని తెలిస్తే చేతకాక కోయించుకుందంటారు. షుగర్‌కి మాత్ర వేసుకునేవాణ్ణి ఎవరైనా షార్ట్‌కట్ అన్నారా?

(ఆ తర్వాత రెండు గంటలు ఎవరూ ఏమీ రాయలేదు. ఈ చర్చలో అదే రికార్డు.)

సంగటి_స్వామి:
అత్తగారి మాట ఎత్తకూడదు, ఎత్తాను. కానీ నాదీ వినండి. మూడేళ్ళు నడిచాను. వానలో, మోకాలు వాచినా సరే. ఇంట్లో ఒక్కరూ "బాగున్నావు" అనలేదు, "షుగరేమైనా వచ్చిందా, చిక్కిపోయావు" అన్నారు. మా ఆవిడ తమ్ముడు ఇదే ఆపరేషన్ చేయించుకుని ఎనిమిది నెలల్లో 40 కేజీలు తగ్గాడు. సంక్రాంతికి ఇంటిల్లిపాదీ వాడితో ఫొటోలు. నేను పక్కనే నిలబడి సెల్ఫీలు తీశాను. అది మనసులో పెట్టుకున్నాననే అనుకోండి.

స్లీవ్_2019:
మీ కష్టాన్ని నేను తక్కువ చేయలేదు. అలాగని ఆ కోపం కిట్టు గారి మీద తీర్చుకోవడం ఏం న్యాయం?

నెల్లూరోడు:
ఎవరేమన్నా కోత కోతే.

కేఆర్‌పురం_కిట్టు:
మళ్ళీ మొదటినుంచీ చదివాను. మాధవి గారు గ్యాస్ గురించి అన్నది ఈ గొడవలో నేనే సరిగ్గా చూడలేదు. డాక్టరుకి ఫోన్ చేస్తే ఆ మాత్ర సంగతి మీరు ముందు చెప్పలేదే అన్నారు. శనివారం ఎండోస్కోపీ. స్లీవా, బైపాసా, అసలు వద్దా అన్నది అది చూశాకే. అమ్మకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. శుక్రవారం రైల్లో వస్తోంది, డాక్టరుని తనే అడుగుతుందట. రెండు పేజీల ప్రశ్నలు రాసుకుందని నాన్న చెప్పారు.

మందుల_షాపు_మాధవి:
పరగడుపున వెళ్ళండి. మత్తు ఇస్తే బండి నడపకూడదు, మెట్రోలో వెళ్ళి ఆటోలో రండి.

పాలసీ_పంతులు:
హెచ్‌ఆర్‌ని అడిగారా? రాతపూర్వకంగా.

సంగటి_స్వామి:
బైపాస్ అయినా సరే, సంగటి మానకు.